తరగతిలో సినిమా: ముందు ఏది తప్పో చెప్పండి, తర్వాత చూపండి

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీరు ఎనిమిదో తరగతికి చరిత్ర చెబుతున్నారు. ఒక చారిత్రక చిత్రాన్ని వరుసగా నాలుగు పీరియడ్లలో పూర్తిగా చూపాలనుకున్నారు. పిల్లలు సంబరపడ్డారు. తోటి ఉపాధ్యాయులు మాత్రం నాలుగు పీరియడ్లు వృథా అని, దానివల్ల పరీక్షలో ఒక్క మార్కు కూడా రాదని అన్నారు. చూపాలా వద్దా, చూపితే ఎలా, పిల్లలు ఏం నేర్చుకున్నారో ఎలా తెలుస్తుంది అని అడిగారు.

చూపండి. అయితే నాలుగు పీరియడ్లు వద్దు, ఒకటి చాలు. ఆ ఒక్క పీరియడ్‌లో కూడా తెర మీద సినిమా నడిచేది ఏడెనిమిది నిమిషాలకు మించకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ కాసేపట్లో చరిత్రకు విరుద్ధంగా ఉన్నదేమిటో సినిమా మొదలుపెట్టకముందే విడమరిచి చెప్పండి. చాలామంది ఉపాధ్యాయులు వదిలేసే పని ఇదే కాబట్టి దీనితోనే మొదలుపెడతాను.

2009లో సైకలాజికల్ సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ బట్లర్, హెన్రీ రోడిగర్, వారి సహచరులు చేసిన పని అది. కళాశాల విద్యార్థులకు చారిత్రక ఘటనల మీద సరైన వ్యాసాలు చదవడానికి ఇచ్చారు. అవే ఘటనల మీద తీసిన ప్రజాదరణ పొందిన చిత్రాల నుంచి కొన్ని సన్నివేశాలు చూపారు. వారం తర్వాత పరీక్ష పెట్టారు. సినిమా, వ్యాసం ఒకే మాట చెప్పిన చోట, వ్యాసం మాత్రమే చదివినప్పటి కంటే జ్ఞాపకం దాదాపు యాభై శాతం మెరుగుపడింది. సినిమా వ్యాసానికి ఎదురు చెప్పిన చోట మాత్రం విద్యార్థులు తరచూ సినిమాలోని తప్పునే రాశారు. కొన్ని సందర్భాల్లో ఈ తప్పు జవాబులు సగం దాకా వచ్చాయి. సరైన సమాచారం వాళ్లు చదవక కాదు, చదివిన తర్వాతే ఇలా జరిగింది.

అదే అధ్యయనంలో మనకు పనికొచ్చే విషయం ఇంకొకటి ఉంది. సినిమాల్లో తప్పులుంటాయి, జాగ్రత్తగా చూడండి అని పైపైన చేసిన హెచ్చరిక ఏమంత ఉపయోగపడలేదు. ఈ సన్నివేశంలో ఫలానా విషయం ఇలా చూపించారు, నిజానికి జరిగింది ఇది అని గురిపెట్టి చెప్పినప్పుడు పొరపాట్లు బాగా తగ్గాయి. "సినిమా అంటే కల్పన ఉంటుంది కదా" అని మనం తరగతిలో అలవాటుగా అనే మాట పిల్లల్ని కాపాడదు. ఏది కల్పనో వేలు పెట్టి చూపాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. 1297లో స్కాట్లాండ్‌లో స్టిర్లింగ్ వంతెన దగ్గర యుద్ధం జరిగింది. విలియం వాలెస్, ఆండ్రూ మోరే నడిపిన స్కాట్ సైన్యం తమకంటే బలమైన ఇంగ్లిష్ సైన్యాన్ని ఓడించింది. ఎలా ఓడించింది? నది మీద ఉన్నది ఇరుకైన చెక్క వంతెన. ఇంగ్లిష్ సైన్యంలో కొంత భాగం ఇవతలికి దాటేదాకా స్కాట్లు ఆగారు. అప్పుడు కొండ దిగి వచ్చి వంతెన మొదలును ఆక్రమించారు. ఇవతల ఉన్నవాళ్లు వెనక్కి పోలేరు, అవతల ఉన్నవాళ్లు సాయం రాలేరు. 1995లో వచ్చిన బ్రేవ్‌హార్ట్ చిత్రంలో ఈ యుద్ధం బయలు మైదానంలో జరుగుతుంది. వంతెనే లేదు. ఇది దుస్తుల రంగు మారినంత చిన్న తేడా కాదు. వంతెన పోయిందంటే గెలుపుకు కారణం కూడా పోయింది. ఆ స్థానంలో నాయకుడి ఆవేశం, ప్రసంగం వచ్చి కూర్చున్నాయి. సినిమా చూసిన పిల్లవాడిని స్కాట్లు ఎందుకు గెలిచారని అడిగితే ధైర్యం వల్ల అంటాడు. వంతెన సంగతి తెలిసిన పిల్లవాడు భూగోళం గురించి, సమయం చూసి దెబ్బ కొట్టడం గురించి చెబుతాడు. (ఆ యుద్ధ సన్నివేశంలో రక్తపాతం చాలా ఎక్కువ. ఎనిమిదో తరగతికి చూపవద్దు. మీకు అర్థం కావడానికి మాత్రమే ప్రస్తావించాను.)

మీరు ఎంచుకున్న చిత్రంలో కూడా ఇలాంటి వంతెన ఒకటి మాయమై ఉంటుంది. దాన్ని పట్టుకోవడమే మీ తయారీలో అసలు పని. పాఠ్యపుస్తకం ఒక పక్క, ఆ సన్నివేశం ఒక పక్క పెట్టుకుని మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు లేకుండా పోయారు? ఏ రెండు ఘటనలు ఒకే రోజు జరిగినట్టు కలిసిపోయాయి? ఏ కారణానికి బదులు ఏ కారణం వచ్చింది? నా అనుభవంలో చారిత్రక చిత్రాల్లోని పెద్ద తప్పులన్నీ దాదాపు ఈ మూడింటిలోనే దొరుకుతాయి. పదిమంది నాయకులు చేసిన పనిని ఒకే వ్యక్తికి అంటగట్టడం, ఏళ్ల తరబడి సాగిన ఉద్యమాన్ని ఒక్క సభలో తేల్చేయడం, ఆర్థిక కారణాన్ని వ్యక్తిగత పగగా మార్చడం మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. తలపాగా ఎలా ఉంది, కత్తి ఎలా ఉంది అన్న చిన్న తప్పుల మీద తరగతి సమయం ఖర్చు చేయకండి. పిల్లలు వాటిని సరదాగా వెతుకుతారు, వెతకనివ్వండి. మీ శ్రమ మాత్రం కారణాల మీద పెట్టండి.

తప్పు ముందే చెబితే సినిమా చూసే ఆనందం పోతుందేమోనన్న అనుమానం మీకు రావచ్చు. పోదు. ఎక్కడ మార్చారో తెలిసిన పిల్లలు ఆ చోటు కోసం కాచుకుని చూస్తారు. అది రాగానే "అదిగో" అంటారు. ఆ తర్వాత వాళ్లంతట వాళ్లే ఎందుకు మార్చారని అడుగుతారు. దర్శకుడికి రెండున్నర గంటలే ఉన్నాయి, కథకు ఒక ముఖం కావాలి, జనం చూడాలి. ఇవన్నీ పిల్లలే చెబుతారు. గతం గురించి చెప్పే ప్రతి కథనాన్నీ ఎవరో ఎక్కడో కూర్చుని కూర్చారన్న ఎరుక అక్కడ మొదలవుతుంది. చరిత్ర ఉపాధ్యాయుడికి అంతకంటే కావలసింది ఏముంటుంది?

ఇక పూర్తి చిత్రం ఎందుకు వద్దన్నానో చెబుతాను. సినిమా తన వేగంతో తను పోతుంది. పుస్తకం చదివే పిల్లవాడు అర్థం కాని వాక్యం దగ్గర ఆగుతాడు, వెనక్కి పోతాడు. తెర ముందు ఆ వీలు లేదు. 2001లో రిచర్డ్ మేయర్, పాల్ చాండ్లర్ అనే పరిశోధకులు మెరుపు ఎలా పుడుతుందో వివరించే ఒక యానిమేషన్‌తో ప్రయోగం చేశారు. ఆగకుండా సాగిన యానిమేషన్ చూసినవారి కంటే, అదే యానిమేషన్‌ను చిన్న ముక్కలుగా, ఒక్కో ముక్క అయ్యాక తామే మీట నొక్కి ముందుకు పోతూ చూసినవారు, నేర్చుకున్నదాన్ని కొత్త సమస్యలకు అన్వయించడంలో మెరుగ్గా ఉన్నారు. సమాచారం అదే, మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి దొరికింది, అంతే తేడా. థామస్ ఎడిసన్ 1913లోనే బడుల్లో పుస్తకాలకు కాలం చెల్లబోతోందని, చలనచిత్రం వాటి స్థానాన్ని ఆక్రమిస్తుందని ప్రకటించాడు. నూరేళ్లు దాటినా అలా జరగలేదు. కారణాలు అనేకం ఉన్నా, ఆపి ఆలోచించే వీలు పుస్తకంలో ఉండటం వాటిలో ఒకటని నేను నమ్ముతాను. ఆ వీలును సినిమాకు ఇవ్వగలిగేది మీ చేతిలోని రిమోటే.

కాబట్టి ముందు ప్రశ్న రాసుకోండి, తర్వాత సన్నివేశం వెతకండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మంచి సినిమా దొరికింది కదా అని దానికి పాఠం అతికిస్తారు. "ఈ పాఠంలో పిల్లలు ఎక్కడ ఊహించలేకపోతున్నారు?" అన్నదే మొదటి ప్రశ్న కావాలి. కర్మాగారంలో పన్నెండు గంటలు నిలబడి పనిచేయడం ఎలా ఉంటుందో పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలో చెబుతుంది. ఆ శబ్దం, ఆ వేగం, ఒకే కదలికను రోజంతా చేయడం పిల్లలు ఊహించలేరు. అక్కడ సినిమా కావాలి. ఒక చట్టం ఏ సంవత్సరంలో వచ్చింది, అందులో ఏ సెక్షన్లున్నాయి అన్నదానికి సినిమా అక్కరలేదు. సరైన సన్నివేశం దొరకకపోతే ఆ పాఠానికి సినిమా లేకుండానే వెళ్లండి.

నలభై ఐదు నిమిషాల పీరియడ్ అనుకుంటే నేను దాన్ని ఇలా వాడతాను. మొదటి ఎనిమిది, పది నిమిషాలు నేపథ్యం చెబుతాను. ఆ కాలం, ఆ చోటు, ఆ మనుషులు ఎవరో చెప్పి, ఏది మార్చారో బోర్డు మీద ఒకటి రెండు వాక్యాల్లో రాసి ఉంచుతాను. తర్వాత సన్నివేశాన్ని ఒకసారి ఏమీ రాయనివ్వకుండా చూపుతాను. మొదటిసారి చూసేటప్పుడు పిల్లలు కథలో ఉంటారు, ఉండాలి కూడా. చేతిలో పెన్ను పెట్టి ప్రశ్నపత్రం నింపమంటే తల దించుకుని రాస్తూ సగం సినిమా చూడరు. రెండోసారి అదే సన్నివేశాన్ని ఆపుతూ చూపుతాను. ఈసారి ఒక్కో గుంపుకు ఒక్కో పని ఉంటుంది. ఒక గుంపు మనుషులు ఎక్కడ నిలబడ్డారో, ఎవరు ఎవరి కంటే ఎత్తులో ఉన్నారో చూస్తుంది. ఒక గుంపు కళ్లు మూసుకుని శబ్దం మాత్రమే వింటుంది. ఇంకో గుంపు ఏ పాత్రకు మాట లేదో గమనిస్తుంది. ఈ చివరి పని ఇచ్చిన గుంపు నుంచి వచ్చే జవాబులు నన్ను ఎన్నోసార్లు ఆశ్చర్యపరిచాయి. రాజదర్బారు సన్నివేశంలో వింజామర వీస్తున్న మనిషి గురించి, కర్మాగారం సన్నివేశంలో ఒక్క మాటా లేని స్త్రీల గురించి పెద్దవాళ్లకు తట్టని ప్రశ్నలు పిల్లలు వేస్తారు.

ఎక్కడ ఆపాలన్నది ముందే నిర్ణయించుకుని నిమిషాలు, సెకన్లతో సహా కాగితం మీద రాసుకోండి. పాత్ర ఒక నిర్ణయం తీసుకోబోయే క్షణం ఆపడానికి మంచి చోటు. ఉత్తరం తెరవబోతున్నాడు, సంతకం పెట్టబోతోంది, తుపాకీ దించబోతున్నాడు. అక్కడ ఆపి, "ఈ మనిషికి ఇప్పుడు తెలిసినదెంత? మనకు తెలిసినదెంత?" అని అడగండి. చరిత్రలో మనుషులు రేపు ఏమవుతుందో తెలియకుండానే నిర్ణయాలు తీసుకున్నారన్నది పిల్లలకు నేర్పడం చాలా కష్టం. ఆగిపోయిన ఒక్క దృశ్యం ఆ పని సులువుగా చేస్తుంది.

డాక్యుమెంటరీ అయితే ఈ బెడద ఉండదనుకోకండి. నిజానికి అక్కడ ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే కథాచిత్రాన్ని అనుమానించే పిల్లవాడు డాక్యుమెంటరీని అనుమానించడు. 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ ఆర్కిటిక్ ప్రాంతంలోని ఇన్యూట్ ప్రజల మీద తీసిన నానూక్ ఆఫ్ ది నార్త్ ఈ రంగంలో తొలి మైలురాయి. అందులో నానూక్‌గా కనిపించే వ్యక్తి అసలు పేరు అల్లాకారియల్లాక్. అప్పటికే అక్కడివాళ్లు వేటకు తుపాకులు వాడుతున్నారు, చిత్రంలో మాత్రం బల్లేలు కనిపిస్తాయి. మంచు ఇల్లు (ఇగ్లూ) లోపలి సన్నివేశాలకు వెలుతురు చాలక, ఒక పక్క తెరిచి ఉన్న పెద్ద ఇల్లు ప్రత్యేకంగా కట్టించారు. ఇది చెప్పాక పిల్లలకు ఒకే ఒక ప్రశ్న ఇవ్వండి: కెమెరా ఎక్కడుంది? ఇగ్లూ లోపల నిద్ర లేస్తున్న కుటుంబాన్ని చిత్రీకరిస్తున్న మనిషి ఎక్కడ నిలబడ్డాడు? ఆ ప్రశ్న ఒక్కసారి అలవాటైతే వార్తాచిత్రం చూసినా, ప్రకటన చూసినా, ఫోనులో వచ్చిన వీడియో చూసినా పిల్లలు అదే అడుగుతారు.

విజ్ఞానశాస్త్రం ఉపాధ్యాయులు దగ్గర పెట్టుకోవలసిన ఉదాహరణ 1958లో వచ్చిన వైట్ వైల్డర్‌నెస్ అనే డాక్యుమెంటరీ. లెమ్మింగ్ అనే చిన్న ఎలుకజాతి జంతువులు గుంపుగా వెళ్లి నీళ్లలోకి దూకి చనిపోతాయన్న నమ్మకాన్ని లోకమంతటా గట్టిపరిచింది ఆ చిత్రమే. దానికి ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ కూడా వచ్చింది. ఆ దృశ్యాలు కట్టుకథ అని తర్వాత బయటపడింది. లెమ్మింగులను బయటి నుంచి కెనడాలోని ఆల్బర్టాకు తెప్పించారు, తిరిగే బల్ల మీద పరుగెత్తించి గుంపులా కనిపించేలా తీశారు, గట్టు మీది నుంచి నీళ్లలోకి తోశారు. జనాభా పెరిగినప్పుడు లెమ్మింగులు వలసపోవడం నిజం, ఆత్మహత్య అబద్ధం. జనాభా హెచ్చుతగ్గుల పాఠానికి ఇంతకంటే మంచి ప్రవేశం నాకు తెలియదు. ఒక జాతి తనను తాను చంపుకునే అలవాటును తరతరాలుగా నిలుపుకోగలదా అని అడగండి, సహజ వరణం గురించి, అంటే బతకడానికి పనికొచ్చే లక్షణాలే తరతరాలుగా నిలవడం గురించి, పిల్లలే మాట్లాడతారు.

మీది చరిత్రే అయినా, మీ బడిలో భౌతికశాస్త్రం చెప్పేవారికి ఒక పని అప్పగించండి. సాహస చిత్రాల్లో ఎత్తయిన చోటు నుంచి పడే సన్నివేశాలు ఉంటాయి. స్టాప్‌వాచ్‌తో పడే సమయం కొలవమనండి. రెండు సెకన్లలో పడ్డవాడు సుమారు 20 మీటర్ల ఎత్తు నుంచి పడాలి. తెర మీద ఎనిమిది సెకన్లు పడితే, గాలి నిరోధాన్ని పక్కన పెడితే, ఆ ఎత్తు 300 మీటర్లు దాటుతుంది. భవనం మాత్రం పది అంతస్తులే ఉంటుంది. ఒకే పతనాన్ని నాలుగు కోణాల్లో తీసి వరుసగా అతికించి సమయం సాగదీశారన్నది పిల్లలు లెక్కతో పట్టుకుంటారు. సినిమాలో సాధారణంగా సెకనుకు 24 ఫ్రేములుంటాయి కాబట్టి, కోత లేని ఒకే షాట్ దొరికితే ఫ్రేములు లెక్కపెట్టి వేగం కట్టవచ్చు. అంతరిక్షంలో పేలుడు శబ్దం ఎలా వినిపించింది అన్నది ఇంకో మంచి ప్రశ్న. ఇక్కడ సినిమా తప్పు చేయడమే మనకు లాభం.

భాషా తరగతికి మాటలు లేని చిత్రాలు వెతకండి. సత్యజిత్ రాయ్ 1964లో తీసిన టూ అన్న చిన్న చిత్రంలో ఒక్క సంభాషణ కూడా లేదు. పెద్ద ఇంట్లో బొమ్మల మధ్య ఉన్న ఒక పిల్లవాడు, కిటికీ బయట గుడిసె దగ్గర వేణువు పట్టుకున్న ఇంకో పిల్లవాడు. వాళ్లిద్దరి మధ్య పోటీ, అసూయ, గాలిపటం, తుపాకీ. పిల్లల చేత సంభాషణ రాయించండి, ఇంటి లోపలి అబ్బాయి డైరీ రాయించండి. మాట్లాడటానికి వెనకాడే పిల్లలకు మాటల్లేని సినిమా ధైర్యం ఇస్తుంది, ఎందుకంటే అక్కడ తప్పు జవాబన్నది లేదు. నవల ఆధారంగా వచ్చిన చిత్రమైతే నవల చదివాకే చూపండి. ముందు సినిమా చూస్తే పాత్రకు నటుడి ముఖం అంటుకుంటుంది, ఆ తర్వాత పిల్లవాడు ఎంత చదివినా సొంతంగా ఊహించడు. ఒకే భాషలో మాట, ఉపశీర్షిక రెండూ ఉంటే చదవడంలో వెనకబడిన పిల్లలకు, వినికిడి ఇబ్బంది ఉన్నవారికి మేలు. వీలైన ప్రతిసారీ వాటిని ఉంచండి.

ఇది కాక, ఏ విషయం చెప్పేవారైనా ఏడాదిలో ఒకసారి పిల్లల చేత చేయించవలసిన చిన్న ప్రయోగం ఒకటి ఉంది. రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ సుమారు నూరేళ్ల కిందట ఒక నటుడి భావరహితమైన ముఖాన్ని వేర్వేరు దృశ్యాల పక్కన అతికించాడు. ఒక చోట సూప్ గిన్నె, ఒక చోట శవపేటిక. ముఖం ఒకటే అయినా చూసినవాళ్లకు ఒక చోట ఆకలి, ఒక చోట దుఃఖం కనిపించాయని చెబుతారు. దీనికి ఫోను చాలు. తరగతిలో ఎవరైనా ఒకరి ముఖం ఏ భావం లేకుండా తీయండి, దాని పక్కన మూడు వేర్వేరు ఫోటోలు పెట్టి మరో తరగతి పిల్లలకు చూపండి, ఏమనిపించిందో రాయించండి. అదే విధంగా ఒక సన్నివేశానికి రెండు రకాల సంగీతం జోడించి చూపండి. దీని తర్వాత ఆ పిల్లలు సినిమా చూసే తీరు మారిపోతుంది. నాయకుడి మీద మనకు కలిగిన అభిమానంలో ఎంత భాగం వయొలిన్‌దో వాళ్లకు తెలుస్తుంది.

పిల్లల మనసు గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ఐదు నిమిషాలే చూపుతున్నా చిత్రం మొత్తం మీరు ముందు చూడండి. పొరపాటున తర్వాతి సన్నివేశంలోకి జారిపోతే అక్కడేముందో తెలిసి ఉండాలి. మరణం, హింస, వలస, మతకలహం, కులావమానం ఉన్న సన్నివేశమైతే, తరగతిలో ఆ అనుభవం సొంతంగా ఉన్న పిల్లలు ఉండవచ్చు. ముందురోజే సంగతి చెప్పండి. చూడలేని పిల్లవాడు కారణం చెప్పనక్కరలేకుండా గ్రంథాలయానికి వెళ్లి అదే విషయం మీద చదువుకునే ఏర్పాటు చేయండి. బాధ కలిగించే సన్నివేశం అయిన వెంటనే "మీకేమనిపించింది?" అని నలుగురిలో అడగకండి. రెండు నిమిషాలు నిశ్శబ్దంగా రాసుకోనివ్వండి, ఆ కాగితం మీకు ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టానికి వదలండి. హింస ఎంత ఘోరమో తెలియాలంటే అది కళ్లకు కట్టినట్టు చూపాలన్న వాదనతో నేను ఏకీభవించను. బూట్ల కుప్ప, ఖాళీ కుర్చీ, మూసిన తలుపు పిల్లలకు చాలినంత చెబుతాయి.

ఏర్పాట్ల సంగతి క్లుప్తంగా. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు, మాట వినపడకపోతే ఐదో నిమిషానికి తరగతి చేజారుతుంది. అందుచేత మంచి స్పీకర్ ముందు, మంచి ప్రొజెక్టర్ తర్వాత. చివరి బెంచీలో కూర్చుని ఒకసారి విని చూసుకోండి. హక్కుల విషయంలో దేశానికో చట్టం ఉంది. భారత కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, ప్రేక్షకులు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థ కార్యక్రమాలతో సంబంధం ఉన్నవారికే పరిమితమైతే విద్యాసంస్థ కార్యకలాపాల్లో భాగంగా సినిమా చూపడానికి వెసులుబాటు ఇస్తుంది. అమెరికా చట్టంలోనూ ముఖాముఖి బోధనకు ఇలాంటి మినహాయింపు ఉంది. ఆ వెసులుబాటు దొంగ ప్రతిని చూపడానికి కాదు. సక్రమంగా సంపాదించిన ప్రతే వాడండి.

పూర్తి చిత్రం చూపదగిన సందర్భం ఉందా? ఉంది. చిత్రమే పాఠమైనప్పుడు, అంటే కథ ఎలా అల్లారు, మొదట్లో నాటినది చివర ఎలా పండింది అన్నది నేర్పేటప్పుడు మొత్తం చూడాలి. అప్పుడు పీరియడ్లుగా తుంచకండి. సగంలో గంట మోగి, రెండు రోజుల తర్వాత మిగతాది చూస్తే సినిమా నిలవదు. బడి అయ్యాక లేదా పనిదినం కాని రోజున ఇష్టమున్నవాళ్లకు ఒకే విడతలో చూపండి. ఉపాధ్యాయుడు రాని రోజు పిల్లల్ని కూర్చోబెట్టడానికి, పరీక్షలయ్యాక కాలం గడపడానికి మాత్రం సినిమాను వాడవద్దు. అలా వాడిన బడిలో పిల్లలు తెర దిగగానే బ్యాగు సర్దుకుంటారు. ఆ అలవాటు పడ్డాక మీరు ఎంత మంచి ప్రశ్న వేసినా పైకి లేచే చేతులు తక్కువ.

చివరగా మార్కుల మాట. మీ సహోద్యోగుల అభ్యంతరం న్యాయమైనదే, దానికి జవాబు పిల్లల రాతలో చూపాలి. సన్నివేశం చూపిన వారానికి, ముందుగా చెప్పకుండా, ఒకే ప్రశ్న ఇవ్వండి: "మనం చూసిన సన్నివేశంలో పాఠంతో సరిపోయినవి రెండు, సరిపోనిది ఒకటి రాయండి. సరిపోనిది ఎందుకు మార్చి ఉంటారో ఊహించి, మీ ఊహకు ఆధారం చెప్పండి." దీనికి పది మార్కులు పెట్టండి. మొదటి రెండింటికి నాలుగు, మూడోదానికి రెండు, ఊహకు, ఆధారానికి కలిపి నాలుగు. సినిమాలోని తప్పును నిజమని రాసినవాళ్లు ఎందరో వేరుగా గుర్తుపెట్టుకోండి. ఆ సంఖ్య ఎక్కువగా ఉంటే మీ హెచ్చరిక స్పష్టంగా లేదని అర్థం, తర్వాతి వారం ఆ తప్పును మళ్లీ ఎత్తి సరిదిద్దండి. తక్కువగా ఉంటే ఆ జవాబుపత్రాలు తీసుకెళ్లి వృథా అన్నవారి బల్ల మీద పెట్టండి, అందులో బాగా రాసిన రెండు జవాబులు వాళ్ల చేతే చదివించండి.